ఎదురెదురుగా వచ్చే విమానాలను ఎడంగా ఉంచేది ఎవరు, ఎలా?

మీ ప్రశ్న ఇది. కిటికీ పక్కన కూర్చుని ఉండగా మీ విమానం కింద నుంచి ఇంకో విమానం ఎదురుగా వచ్చి రెప్పపాటులో మాయమైంది. దిగాక ఫోన్ యాప్‌లో చూస్తే విమానాల గుర్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించాయి. ఇవన్నీ గుద్దుకోకుండా చూస్తున్నది మనిషా, కంప్యూటరా, అసలు ఎలా సాధ్యం అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా, అంటే నేల మీద నుంచి రేడియోలో పైలట్లకు దారీ ఎత్తూ చెప్పే ఉద్యోగిగా, రాడార్ ముందు కూర్చుని ఈ పనే చేశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీరు చూసిన ఆ విమానం సంగతి. చాలామటుకు అది మీకు 1,000 అడుగుల కింద, అంటే దాదాపు 300 మీటర్ల కింద వెళ్లి ఉంటుంది. అది పొరపాటున వచ్చిన దూరం కాదు, మేం కావాలని ఉంచిన దూరం. అరవై డెబ్బై మీటర్ల పొడవున్న విమానం 300 మీటర్ల అవతల కనబడితే ఎవరికైనా మీద పడుతున్నట్టే ఉంటుంది. పైగా ఆ ఎత్తుల్లో జెట్ విమానం గంటకు 480 నాటికల్ మైళ్ల వేగంతో పోతుంటుంది. రెండూ ఎదురెదురైతే కలిపి 960. అంటే నిమిషానికి 16 మైళ్లు, సెకనుకు అర కిలోమీటరు చొప్పున దగ్గరవుతాయి. అందుకే మీకు అది చూసీ చూడనట్టు అనిపించింది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి నేను మైలు అన్నప్పుడల్లా అదే అనుకోండి.

యాప్‌లో గుర్తులు ఒకదాని మీద ఒకటి కనిపించడానికి కారణం కూడా ఇదే. అది ఆకాశాన్ని పైనుంచి చూసిన బొమ్మ, అందులో ఎత్తు కనిపించదు. మా పనిలో ఏ రెండు విమానాల మధ్య అయినా రెండు ఎడాల్లో ఒకటి ఎప్పుడూ ఉండి తీరాలి. పైకీ కిందికీ ఉండే ఎడం ఒకటి, పక్కకో ముందూ వెనకకో ఉండే ఎడం రెండోది. ఒకటి తగ్గబోతుంటే, అది తగ్గకముందే రెండోది ఏర్పడి ఉండాలి. పుస్తకాల నిండా ఉన్న నియమాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఇక అసలు విషయం. ఈ పని అంటే తెర మీద చుక్కల్ని చూస్తూ కూర్చుని, దగ్గరకు రాగానే తప్పించడం అని చాలామంది అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకుని చేరాను. శిక్షణలో ఒక రోజు ఆ అభిప్రాయం పోయింది. ఒక విమానం 24,000 అడుగుల దగ్గర నుంచి 37,000కు ఎక్కాలి. ఎదురుగా ఇంకోటి 32,000లో వస్తోంది. ఎక్కే వేగం చూసి లెక్క వేసుకున్నాను. రెండూ కలిసే చోటుకు వచ్చేసరికి మొదటిది 33,000 దాటి నిక్షేపంగా పైన ఉంటుంది. 37,000కు ఎక్కమని చెప్పబోతుంటే మా శిక్షకుడు మైకు స్విచ్ మీద ఉన్న నా చేతిని పట్టుకుని ఆపారు. "ఈ మాట చెప్పిన మరుక్షణం నీ రేడియో చచ్చిపోయిందనుకో. అది నువ్వనుకున్నంత వేగంగా ఎక్కలేదనుకో. అప్పుడేం చేస్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "31,000 వరకే ఇవ్వు. ఎదురుది దాటిపోయాక మిగతాది ఇద్దువుగాని" అన్నారు.

నా లెక్క తప్పు కాదు. ఆ విమానం నిజంగానే సునాయాసంగా ఎక్కి ఉండేది. కానీ నేనిచ్చే మాట, దాని తర్వాత ఇంకో మాట చెప్పే అవకాశం లేకపోయినా సురక్షితంగా నిలబడాలి. "ఎక్కుతుందిలే", "తిరుగుతుందిలే" అనుకుని ఇచ్చింది ఎడం కాదు, ఆశ. ముందు ఎడం ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే పైలట్ కోరిన ఎత్తు, దగ్గరి దారి, ఇంధనం ఆదా. ఒకవేళ మధ్యలో ఆపకుండా ఎక్కించాలనుకుంటే, ముందు రెండింటినీ పక్కపక్క దారుల్లో పెట్టి, ఆ పక్క ఎడం సరిపోతుందని నిర్ధారించుకున్నాకే ఎక్కమనాలి.

ఎత్తుల లెక్క మామూలుగా ఇలా ఉంటుంది. తూర్పు సగం దిక్కులకు పోయేవాటికి బేసి వేలు, అంటే 33,000, 35,000, 37,000. పడమర సగం దిక్కులకు పోయేవాటికి సరి వేలు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఎదురెదురు విమానాల మధ్య 1,000 అడుగులు దానంతటదే ఉంటుంది. మీకు ఎదురైన విమానం కూడా ఈ పద్ధతిలోనే కింద మెట్టు మీద వచ్చి ఉంటుంది.

ఒకప్పుడు 29,000 అడుగుల పైన ఈ ఎడం 2,000 ఉండేది. విమానం తన ఎత్తును గాలి ఒత్తిడిని బట్టి తెలుసుకుంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, అడుగు అడుగుకూ ఒత్తిడిలో వచ్చే తేడా తగ్గిపోతుంది. పాత పరికరాలు అంత చిన్న తేడాను నమ్మకంగా పట్టుకోలేకపోయేవి. పరికరాలు మెరుగయ్యాక 29,000 నుంచి 41,000 వరకు కూడా 1,000కు తగ్గించారు. ఉత్తర అట్లాంటిక్ మీద 1997లో మొదలై, యూరప్‌లో 2002లో, అమెరికాలో 2005లో వచ్చింది. అందుకు తగిన పరికరాలూ అనుమతీ ఉన్న విమానాలకే ఇది వర్తిస్తుంది.

ఒత్తిడి రోజుకో తీరుగా మారుతుంటే ఆ ఎత్తు ఎలా సరైనదవుతుంది అని మీకు అనుమానం రావచ్చు. పైన ఎగిరేవాళ్లంతా తమ ఎత్తుమాపకాన్ని 1013.25 హెక్టోపాస్కల్స్ అనే ఒకే ఒత్తిడి అంకెకు పెట్టుకుంటారు. నిజమైన ఎత్తుతో చూస్తే అందులో తేడా ఉండొచ్చు, కానీ ఆ తేడా అక్కడున్న అందరికీ ఒకటే. ఊళ్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటే ఎవరి పనీ చెడదు కదా, అలాగన్నమాట. నేల దగ్గరికి దిగేటప్పుడు మాత్రం కొండా గుట్టా గడియారం చూసుకోవు కాబట్టి, ఆ చోట ఆ వేళ ఉన్న ఒత్తిడికి మార్చుకుంటారు.

ఎత్తు ఎడం చాలా బలమైనది, కానీ అది పైలట్ మాట మీద నిలబడే ఎడం. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగింది అదే. సౌదీ బోయింగ్ 747 ఢిల్లీ నుంచి ఎక్కుతోంది, దాన్ని 14,000 దగ్గర ఆగమన్నారు. ఎదురుగా దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ 76ను 15,000 దగ్గర ఆగమన్నారు. ఎదురుగా విమానం ఉందని కూడా దానికి చెప్పారు. కానీ అది 15,000 దగ్గర ఆగలేదు, కిందికి వచ్చేసింది. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. రాకకూ పోకకూ ఒకే దారి. అప్పటి ఢిల్లీ రాడార్ చుక్కను చూపేదే తప్ప ఎత్తును చూపేది కాదు. కంట్రోలర్ ఇచ్చిన ఆదేశంలో తప్పు లేదు, అది అమలవుతోందా లేదా చూసే కన్ను మాత్రం ఆయనకు లేదు. ఆ తర్వాత దారులు విడదీశారు, ఢీకొనడాన్ని తప్పించే పరికరాన్ని తప్పనిసరి చేశారు.

ఇప్పటి రాడార్ తెర మీద ప్రతి చుక్క పక్కనా చిన్న పట్టీ ఉంటుంది. విమానం పిలుపు పేరు, ఎత్తు, ఎక్కుతోందా దిగుతోందా చెప్పే బాణం గుర్తు, వేగం అన్నీ అందులోనే. కొన్ని చోట్ల ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. పైలట్ తన ప్యానెల్ మీద ఏ ఎత్తుకు సెట్ చేశాడో ఆ అంకె నేరుగా మా తెర మీదకు వస్తుంది. 15,000 అని చెప్పి, అవతల 14,000 సెట్ చేస్తే విమానం తప్పు ఎత్తుకు చేరకముందే మాకు తెలిసిపోతుంది. నా ఉద్యోగ కాలంలో వచ్చిన మార్పులన్నిట్లో నేను మనస్ఫూర్తిగా దండం పెట్టేది దీనికే.

ఇక పక్క ఎడం. దూర ప్రయాణపు ఆకాశంలో సాధారణంగా 5 మైళ్లు, విమానాశ్రయం చుట్టుపక్కల 3 మైళ్లు. ఈ తేడా ఎందుకంటే, దూరాన్ని చూసే రాడార్ ఒక చుట్టు తిరగడానికి పది పన్నెండు సెకన్లు పట్టవచ్చు. విమానాశ్రయం రాడార్‌కు నాలుగైదు సెకన్లు చాలు. 480 మైళ్ల వేగంతో పోయే విమానం పన్నెండు సెకన్లలో మైలున్నరకు పైగా కదిలిపోతుంది. అంటే తెర మీద నేను చూసేది అది ఇందాక ఉన్న చోటు. ఆ వెనకబాటు కూడా ఎడంలో కలిసి ఉండాలి.

5 మైళ్లు అన్న అంకె ఒకటే అయినా దాని బరువు అన్ని చోట్లా ఒకటి కాదు. ఒకే దారిలో వెనకది ముందుదాని కంటే 20 నాట్లు (అంటే గంటకు 20 మైళ్లు) ఎక్కువ వేగంతో వస్తుంటే 5 మైళ్లు తరగడానికి పావుగంట పడుతుంది. తీరిగ్గా వేగం తగ్గించమని చెప్పొచ్చు. అదే ఎదురెదురుగా అయితే 5 మైళ్లు పందొమ్మిది సెకన్లలో అయిపోతాయి. మైకు నొక్కి, చెప్పి, పైలట్ తిరిగి చెప్పి, విమానం వంగేలోపే ఆ సెకన్లు కరిగిపోతాయి. అందుకే ఎదురు విమానాలను దూరం చూసుకుంటూ నడపడం ఉండదు. ఎత్తు మార్చో, దారి మార్చో ముందే వేరు చేసి పెడతాం.

అడ్డంగా దాటుకునే దారుల్లో ఇంకో చిన్న లెక్క మాకు నోటికి వచ్చి ఉంటుంది. 60 మైళ్ల దూరంలో ఒక డిగ్రీ తిప్పితే అక్కడికి చేరేసరికి ఒక మైలు పక్కకు పోతుంది. కలిసే చోటు ఇంకా 60 మైళ్లు ఉండగా 10 డిగ్రీలు తిప్పితే 10 మైళ్లు దొరుకుతాయి, లోపల కూర్చున్న వాళ్లకు తెలియను కూడా తెలియదు. అదే 20 మైళ్లకు వచ్చేదాకా ఆగితే అదే ఫలితానికి 30 డిగ్రీలు కావాలి. ఎప్పుడూ కొద్దిగా, ముందుగా తిప్పడమే మంచి పని. తిప్పేది కూడా, ఆ కూడలికి రెండోసారిగా చేరేదాన్ని ముందుదాని వెనక వైపుకు తిప్పాలి. ముందు నుంచి దాటిద్దామని చూస్తే గాలి కాస్త అటూ ఇటూ అయినా లెక్క తారుమారవుతుంది.

సముద్రం మధ్యలో రాడార్ అందదు. అక్కడ విమానం ఫలానా బిందువు ఫలానా నిమిషానికి దాటాను అని చెబితే, దాన్ని బట్టి నిమిషాల్లో ఎడం ఉంచేవాళ్లం. ఒకే ఎత్తులో ఒకే దారిన పోయేవాటి మధ్య పది, పదిహేను నిమిషాలు, అంటే సుమారు 80 నుంచి 120 మైళ్లు. 2019 నుంచి ఉత్తర అట్లాంటిక్‌లో ఉపగ్రహాలే విమానాల సంకేతాలను అందుకుంటున్నాయి కాబట్టి, సరైన పరికరాలున్న వాటి మధ్య ముందూ వెనకా ఎడాన్ని 14 మైళ్లకు తేగలిగారు.

విమానాశ్రయం దగ్గర పని స్వభావమే వేరు. అక్కడ ఎడం అంటే ఢీకొనకపోవడం ఒక్కటే కాదు. ప్రతి విమానం రెక్కల కొసల నుంచి రెండు సుడిగాలులు వెనక్కి వదులుతూ పోతుంది. పెద్ద విమానం వదిలిన సుడి చిన్నదాన్ని బోర్లా తిప్పేయగలదు. అది కంటికి కనిపించదు, నెమ్మదిగా కిందికి దిగుతుంది, గాలి లేని రోజున ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. అందుకని బరువును బట్టి అంతరాలు నిర్ణయించారు. 136 టన్నులు ఆపైన ఉన్న భారీ విమానం వెనక మధ్య తరహాదానికి 5 మైళ్లు, చిన్నదానికి 6. ముందున్నది ఎయిర్‌బస్ ఏ380 అయితే మధ్య తరహాదానికి 7, చిన్నదానికి 8. వెనక గంటసేపటి వరుస ఉన్నా, పైలట్లు తొందరపడుతున్నా ఈ అంతరాలను కోసే అధికారం కంట్రోలర్‌కు లేదు.

ఇక్కడ కొత్తవాళ్లు పొరబడేది ఒకటుంది. వరుసలో రెండూ 160 నాట్లతో వస్తున్నాయి, మధ్య సరిగ్గా 3 మైళ్లు పెట్టాను, పని అయిపోయింది అనుకుంటారు. ముందుది రన్‌వేకు నాలుగు మైళ్ల దగ్గర 135 నాట్లకు తగ్గుతుంది. వెనకది ఇంకా 160తోనే వస్తోంది. ముందుది నేల తాకేసరికి దాదాపు ముప్పావు మైలు తరిగిపోతుంది. 3 కావాలంటే 4 పెట్టుకుని రావాలి.

వరుస మరీ పెరిగితే విమానాలను ఒక బిందువు మీద చుట్లు తిప్పుతాం. ఒక్కో చుట్టు సుమారు నాలుగు నిమిషాలు. ఒకదాని పైన ఒకటి 1,000 అడుగుల చొప్పున, మెట్ల మాదిరిగా. 7,000లో ఉన్నదాన్ని దిగడానికి పంపాను. 8,000లో ఉన్నదానికి 7,000 ఎప్పుడివ్వాలి? కిందది 7,000 ఖాళీ చేశానని చెప్పాక, లేదా తెర మీద అంకె మారి నిజంగా దిగుతోందని చూశాక. దిగమని చెప్పాను కదా, దిగుతుందిలే అని పైదానికి ఇచ్చేస్తే కుదరదు. మా శిక్షకుడి ప్రశ్న ఇక్కడ ప్రతి మెట్టు మీదా ఎదురవుతుంది.

ఇంతా చేసి, మా చేతిలో ఉన్న పనిముట్టు నోటి మాట. పైలట్ ప్రతి ఆదేశాన్నీ తిరిగి చదవాలి, మేం దాన్ని వినాలి. వినడమే కష్టం. ఒక సాయంత్రం చివరి అంకెలు 217, 271 ఉన్న రెండు విమానాలు ఒకేసారి నా దగ్గరున్నాయి. 217ను దిగమన్నాను. జవాబు వచ్చింది, ఎత్తు సరిగ్గానే చదివారు. నేను తర్వాతి విమానానికి వెళ్లిపోయాను. పక్కన కూర్చున్న సహచరుడు నా మోచేతి మీద తట్టి, "చదివింది ఎవరు?" అన్నాడు. గుండె జారిపోయింది. జవాబిచ్చింది 271. వెంటనే దాన్ని ఉన్న ఎత్తులోనే ఉండమని చెప్పాను, అదింకా దిగడం మొదలుపెట్టలేదు. ఎడం ఎక్కడా తగ్గలేదు. కానీ ఆ జవాబును నేను నా చెవులారా విన్నాను. నేను వినదలచుకున్న దాన్నే విన్నాను. ఆ రోజు నుంచి పోలిన పేర్లున్న విమానాలుంటే ఇద్దరు పైలట్లకూ ముందే చెబుతాను, జవాబులో ఎత్తు కంటే ముందు పేరు వింటాను.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీదే రెండు 747లు ఢీకొని 583 మంది పోయిన వెనక కూడా మాటల గందరగోళం ఉంది. టేకాఫ్ అన్న మాటను ఇప్పుడు టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప వాడకూడదు. మిగతా అన్ని సందర్భాల్లో డిపార్చర్ అనాలి. బయటివారికి ఇది చాదస్తంలా అనిపించవచ్చు. మాకు అది ప్రాణంతో సమానం.

మనిషా, కంప్యూటరా అన్నారు కదా. నిర్ణయం మనిషిదే. కంప్యూటర్ కాపలా. రెండు విమానాలు ఎడం కోల్పోయేలా ఉంటే మా తెర మీద హెచ్చరిక మెరుస్తుంది. అదీ దాటిపోతే విమానంలోనే ఉండే టీకాస్ అనే పరికరం, ఎదుటి విమానంలోని పరికరంతో మాట్లాడుకుని, సుమారు అర నిమిషం ముందు ఒకరిని ఎక్కమని, ఒకరిని దిగమని చెబుతుంది. 2002 జూలై 1 రాత్రి జర్మనీలో ఉబర్లింగెన్ మీద టుపొలెవ్ ప్రయాణికుల విమానం, సరుకు రవాణా బోయింగ్ 757 రెండూ 36,000లో కలిసే దారిలో ఉన్నాయి. కంట్రోలర్ ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడు. ప్రధాన ఫోన్ లైన్లు మరమ్మతులో ఉన్నాయి, తెర మీది హెచ్చరిక కూడా ఆ రాత్రి పనిచేయడం లేదు. ఆయన టుపొలెవ్‌ను దిగమన్నాడు. టీకాస్ దాన్ని ఎక్కమంది, 757ను దిగమంది. టుపొలెవ్ పైలట్లు మనిషి మాట విన్నారు. రెండూ దిగి ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. ఆ కంట్రోలర్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం రాదు. ఒక్కడినే అలా వదిలేసిన ఏర్పాటు మీద వస్తుంది.

ఇప్పుడు నియమంలో సందేహానికి తావు లేదు. టీకాస్ చెప్పింది మా మాటకు విరుద్ధంగా ఉంటే పైలట్ టీకాస్ మాటే వినాలి. పైలట్ ఆ సంగతి చెప్పాక, ఆ ఆపద గడిచిందని తిరిగి చెప్పేవరకు మేం ఆ విమానానికి ఎత్తు గురించి గానీ దారి గురించి గానీ ఏ ఆదేశమూ ఇవ్వకూడదు. నోరు మూసుకుని, చుట్టుపక్కల మిగతావాటిని చూసుకోవాలి.

మీకు చిరాకు తెప్పించే ఇంకో విషయం కూడా ఇందులో భాగమే. వాతావరణం బాగానే ఉన్నా, అందరూ ఎక్కి కూర్చున్నా, ఒక్కోసారి విమానం గేటు దగ్గరే అరగంట ఆగిపోతుంది. ఆకాశాన్ని సెక్టార్లు అనే భాగాలుగా పంచుకుని చూస్తాం; ముందున్న సెక్టార్ కంట్రోలర్ ఒకేసారి ఎన్నిటిని చూడగలడో దానికో పరిమితి ఉంది. అది నిండితే అదనపు విమానాన్ని గాలిలో కాదు, నేల మీదే ఆపుతారు. ఆ అరగంట మీ విమానానికి కావలసిన చోటు కోసమే.

మళ్లీ ఎప్పుడైనా యాప్‌లో రెండు గుర్తులు కలిసినట్టు కనిపిస్తే రెండింటినీ నొక్కి ఎత్తులు చూడండి. 35,000, 36,000 లాంటి అంకెలే ఎక్కువగా కనిపిస్తాయి. ఒకే ఎత్తు కనిపిస్తే గుర్తుల పరిమాణాన్ని కాదు, పటం మీది దూరాన్ని చూడండి. ఆ యాప్ గుర్తును నిజమైన విమానం కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా గీస్తుంది. పటాన్ని దగ్గరికి లాగితే ఆ రెండూ మైళ్ల దూరంలో విడిపోవడం మీకే కనిపిస్తుంది.